బకెట్లో మగదోమలు

ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరంలో, ఏటిగట్టు పేటలో ప్రతి శుక్రవారం ఇంటింటికీ తిరిగి నీళ్లతొట్లలో దోమపిల్లల్ని వెతకడం రత్మి పని. టార్చి వేసి చూసేది. ఒక్కటి కదిలినా నాలుగు తిట్టి మరీ తొట్టి తోమించేది. ఆ నోటికి జడిసి పేటంతా తొట్లు తోముకునేది. అలాంటి నోరు ఒక్కసారి మెత్తబడి కొంప ముంచింది.

విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి ఆ పేటలోనే ఉండే పైనెమ్ పెద్దమ్మ వసారాలో నల్ల బకెట్టు ఒకటి పెట్టి వెళ్లారు. అందులోని చిన్న స్పీకరు ఆడదోమ రెక్కల మోత వినిపిస్తూ ఉంటుంది. అది చెవిన పడితే చాలు, మగదోమలు వెర్రెత్తి వచ్చి జిగురు కాగితానికి అతుక్కుంటాయి. "ఇది మగవాటిని లెక్కపెట్టడానికే" అని వాళ్లు రత్మికి రెండుసార్లు చెప్పారు. విన్నట్టే తలూపింది మహాతల్లి!

వారం తిరిగేసరికి కాగితం నల్లబడింది.

"చూశావా పెద్దమ్మా! పెళ్లికూతురి గొంతు వినగానే ఎలా ఎగబడ్డారో!"

"మా ఆయనా అంతేనే. గొంతు విని వచ్చాడు, మొహం చూశాక ఏం చేస్తాడు పాపం!" పైనెమ్ నవ్వుతూ మోకాళ్లు నొక్కుకుంది. "అయితే రేపు తొట్టి తోమాలా?"

"ఇన్ని చచ్చాక ఇంకెక్కడి దోమలు? ఆ మోకాళ్లతో ఎందుకు అవస్థ, వదిలెయ్."

కుట్టేది ఆడదోమ. ఆ మోతతో దానికేం పని? అది చక్కగా వెళ్లి తొట్టిలో గుడ్లు పెట్టుకుంది. నాలుగు శుక్రవారాలు రత్మి ఆ తొట్టిలోకి టార్చి కూడా వేయలేదు. అయిదో వారం పైనెమ్‌కు జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. ఆరు రోజుల్లో మనిషి పోయింది.

పోయిన ఏడోరోజు ప్రార్థనలయ్యాక పైనెమ్ కూతురు సుమిరా, ఇంటింటికీ పంచే అన్నం పొట్లం పట్టుకుని రత్మి గుమ్మంలోకి వచ్చింది.

"నాకొద్దమ్మా. తొట్టి తోమొద్దని మీ అమ్మతో అన్నది నేనే."

"తెలుసక్కా. ఆసుపత్రిలో అమ్మే చెప్పింది. 'ఈ పేట మొత్తమ్మీద నా మోకాళ్ల నొప్పి పట్టించుకున్నది రత్మి ఒక్కతే' అంది. తీసుకో."

తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. పొట్లం ఒళ్లో పెట్టుకుని రత్మి గుండెలవిసేలా ఏడ్చింది.

మర్నాడు శుక్రవారం. పైనెమ్ ఇంటికి వెళ్లి తొట్టి ముందు గొంతుక్కూర్చుంది. వసారాలో బకెట్టు మోగుతూనే ఉంది. తోమగా తోమగా రత్మికీ మోకాళ్లు నొప్పెట్టాయి. అయినా లేవలేదు.