మామగారి బార

గడ్డపార భుజాన వేసుకుని మేస్త్రి అప్పటికే వంటింటి గోడ పక్కన నిలబడ్డాడు. సర్వేయరు గీత ఎక్కడ పడితే అక్కడిదాకా కూల్చెయ్యడానికి బావగారే అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఎంత ముందుచూపో! చిన్న కోడలికి ఒళ్లు మండిపోయింది. ఆ వంటిల్లు కట్టుకోవడానికి మొగుడూ పెళ్లాం ఇసుక మోసి, ఇటుకలు మోసి నడుములు విరగ్గొట్టుకున్నారు.

తగువంతా ఒక్క మాట దగ్గరే. మామగారు బతికుండగా పెరడు పంచుతూ, బావి గట్టు నుంచి పది బారలు పెద్దవాడికి, అక్కణ్నుంచి అవతలిది చిన్నవాడికి అన్నాడు. రెండు చేతులూ బార్లా చాపి, తాడు పట్టుకుని తనే కొలిచాడు. పాతిన కర్రలు ఎప్పుడో చెదలు తినేశాయి. మాట మాత్రం అందరికీ గుర్తుంది.

సర్వేయరు తేలిగ్గా తేల్చేశాడు. బార అంటే ఆరడుగులు, పది బారలంటే అరవై. టేపు లాగితే అరవయ్యో అడుగు వెళ్లి వంటింట్లో పొయ్యి దగ్గర పడింది. గోడేమో యాభై అయిదు దగ్గరే ఉంది. మేస్త్రి భుజం మీంచి గడ్డపార దించాడు.

ఆమె గోడకు అడ్డం నిలబడింది. మామయ్య కొలిచింది టేపుతో కాదు, చేతులతో. మనిషిని బట్టి బార మారుతుంది కదా అని అడిగింది. సర్వేయరు బుర్ర గోక్కుని, అదీ నిజమే గానీ ఆయన ఇప్పుడు లేరు కదా అన్నాడు. అప్పుడు బావగారు నవ్వాడు. కొడుకు చేతులు తండ్రి చేతుల్లాంటివేనట, తమ్ముడి చేతులే కొలవమన్నాడు. ఆమె మొగుణ్ని వీధి వీధంతా నిచ్చెన అని పిలుస్తారు. లోకం తెలియని మహానుభావుడు, అన్న పిలవగానే వెళ్లి చేతులు చాపాడు. ఆరడుగుల రెండంగుళాలు! గీత పొయ్యిని కూడా దాటిపోయింది. ఏం జరిగిందో అర్థం కాక అతను ఇంకా చేతులు దించనేలేదు.

"బావగారూ," అందామె. "మామయ్య పోయాక ఆయన చొక్కాలు ఎవరికి సరిపోయాయి?"

పొద్దున్నుంచి ఎవరి పక్షానా నోరు మెదపకుండా మెట్ల మీద కూర్చున్న అత్తగారు ఇప్పుడు పెద్దకొడుకు వైపే చూస్తోంది. చొక్కాలకీ దీనికీ సంబంధం ఏమిటని అతను గొణిగాడు గానీ, సర్వేయరు టేపు పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తప్పించుకునే దారి లేక బావగారు చేతులు చాపాడు.

అయిదడుగుల మూడంగుళాలు. పదింతలు చేస్తే యాభై రెండున్నర. గీత గోడకు ఇవతలే, ఖాళీ నేల మీద పడింది.

సరిగా చాపలేదు, మళ్లీ కొలవమన్నాడు బావగారు. ఊపిరి బిగబట్టి మునివేళ్ల దాకా సాగదీశాడు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం కందగడ్డయింది. అంగుళం పెరిగితే ఒట్టు.

"ఎంత చాపినా అంతేరా," అంది అత్తగారు. "అవి మీ నాన్న చేతులు. ఆ చేతులతోనే మీ ఇద్దరికీ పంచాడు."

అతని చేతులు కాసేపు గాలిలో అలాగే ఉండిపోయాయి. తర్వాత వాటిని దించి, వాటిలోనే మొహం దాచుకుని, నలుగురిలో ఉన్నానన్న సంగతి కూడా మరిచి ఏడ్చేశాడు.

చిన్న కోడలికి బావగారి మీద మొదటిసారి జాలేసింది. అయినా మేస్త్రి గేటు దాటేదాకా గోడ దగ్గర్నుంచి కదల్లేదు.