అద్దం మీద అమ్మమ్మ

వానలు మొదలయ్యాయంటే యూర్లేదిస్‌కు రోజూ రెండు పనులు: ఇంటి కప్పు కారే చోటల్లా గిన్నెలు పెట్టడం, అమ్మమ్మను ఎక్కడా పారేసుకోకుండా చూసుకోవడం. ఎండాకాలంలో నిండు మనిషిగా ఉండే ఆ అమ్మమ్మ, దోన్యా ఎవుఫ్రోసీనా, వానకు తడిసినకొద్దీ చిన్నదైపోతుంది. పొరుగువాళ్ళు "ఈసారి ఎంతయింది?" అని అడిగి తమ పని చూసుకుంటారు. ఆ రోజు చిక్కుడు గింజంత ఉంది. బల్ల మీద వేయించిన అరటికాయ ముక్కను అంచునుంచి కొరుకుతోంది.

ఏటి ఒడ్డున వరద సైరన్‌ను మోగించే ప్రోగ్రామ్ యూర్లేదిస్ రాసిందే. మధ్యాహ్నం నీళ్ళు గుర్తు దాటినా అది కూయలేదు. కింది వాడలో తమ్ముడు డెయినర్, వాడి పసిపాప ఉన్నారు. ఫోన్లు నిన్నటి నుంచే పనిచేయడం లేదు. ల్యాప్‌టాప్ చెమ్మకు చచ్చింది. ఇక మిగిలింది, సైరన్‌తో నేరుగా రేడియోలో కలిసే టాబ్లెట్.

పెద్ద కంప్యూటర్ల కోసం చేసిన, ప్రోగ్రామ్‌లు దిద్దే సాఫ్ట్‌వేర్ దాంట్లో తెరిస్తే బొత్తాలు చీమ తలకాయలంత ఉన్నాయి. వేళ్ళతో లాగితే రాతలు పెద్దవవుతున్నాయి గానీ బొత్తాలు కావడం లేదు. ఎలాగో తప్పు దిద్దింది. ఇక "నడుపు" నొక్కాలి. దాన్ని ఆనుకునే "చెరిపెయ్" ఉంది. ఆమె వేలి కింద రెండూ మాయమయ్యాయి.

ఇంటి కప్పు నుంచి ఒక చుక్క తెర మీద పడింది. దాన్నే వేలనుకుని టాబ్లెట్ ఏదో తెరిచింది. యూర్లేదిస్ అలవాటుగా చొక్కా చేతితో తుడిచింది. తుడిచిన చోటల్లా ఇంకేవేవో తెరుచుకున్నాయి. వాటిని ఒక్కొక్కటే మూసింది.

"అంత లావు వేలితో ఏం నొక్కుతావే? నన్ను ఎక్కించు," అంది అమ్మమ్మ.

"నువ్వూ లావే అమ్మమ్మా. రెండూ నీ కిందే పోతాయి."

"అయితే తగ్గుతాను."

"అంత తగ్గితే మళ్ళీ పెరగవు! నాకు భయంగా ఉంది."

"పెరిగి ఏం చెయ్యాలి, నీ వంట తినాలా?" అంటూ ముసలావిడ వెళ్ళి కప్పు నుంచి కారే ధార కింద నిలబడింది.

నూకంత అయ్యాక యూర్లేదిస్ ఆమెను గోటి మీద ఎత్తి, తుడిచి ఆరబెట్టిన తెర మీద దించింది. ఎగిరిపోతుందేమోనని ఊపిరి కూడా వదల్లేదు. ఆ నలుసంత మనిషి బొత్తాల దాకా నడిచి, "నడుపు" మీద రెండు కాళ్ళతో దూకింది.

సైరన్ కూసింది.

కాసేపటికి డెయినర్ ఒళ్ళంతా బురదతో, పాపను భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. వెనకే కింది వాడంతా గుట్ట ఎక్కుతోంది.

"ఇల్లు పోయిందక్కా. మేం దక్కాం," అన్నాడు. తన ఒంటి నుంచి టాబ్లెట్ మీద పడ్డ బురద చుక్కలు చూసి, తుడుద్దామని వంగాడు.

"తుడవకురా!" యూర్లేదిస్ కెవ్వుమని వాడి చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మ ఇంకా దాని మీదే ఉంది."

ఇద్దరూ వంగి చూశారు. తెర నిండా బురద నలుసులు. ఏది బురదో, ఏది అమ్మమ్మో తెలియలేదు.

అప్పుడు, ఎవరూ వేలు పెట్టకుండానే, సైరన్ మళ్ళీ కూసింది.