తీసెయ్యకూడనివి

భీమారావు ల్యాప్‌టాప్‌ను బోర్లించి, అడుగున ఉన్న మరలు ఊడదీసి ఒక డబ్బా మూతలో వేసుకుంటున్నాడు. ఫ్యాన్ రెక్కలకు దుమ్ము ఉన్నిలా పట్టి ఉంది. దాన్ని బ్రష్‌తో దులుపుతూ మధ్యలో ఆగి ఎడమ భుజం నొక్కుకున్నాడు. దేశం కాని దేశంలో, స్కార్‌బరో అనే పేటలో ఒక దుకాణాల ప్లాజా చివర, కూరగాయల కొట్టును ఆనుకుని ఉన్న రిపేరు షాపు అది. నగరం అవతలి కొసన ఎటోబికోలో గోదాము పని మానేశాక అతని పగళ్లన్నీ ఈ బల్ల దగ్గరే గడిచాయి. పొట్టి మనిషి. వంగి వంగి వీపు గూని పడింది. ఆ ఏడాది కాలేజీలకు కొత్త పిల్లలు వరదలా వచ్చారు. వాళ్ల పాత ల్యాప్‌టాప్‌లతో బల్ల నిండిపోయింది.

తలుపు తోసుకుని నిఖిల వచ్చింది. కరీంనగర్ పిల్ల. చంకలో ల్యాప్‌టాప్.

"అంకుల్, స్లో అయితుందని ఫ్రీ రిజిస్ట్రీ క్లీనర్ వేసిన. వందల ఎర్రర్స్ చూపెట్టింది. ఫిక్స్ ఆల్ కొట్టిన. ఇప్పుడు ఆన్ అయితలేదు." ఆమె ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టింది. "రేపు ప్రాజెక్ట్ సబ్మిట్ చెయ్యాలె. ఇది గూడ ఫెయిలైతే కాలేజీల ఉంచుకోరు."

"బ్యాకప్ ఉందా?"

"లేదు."

"ఎక్కణ్ణుంచి దించావమ్మా?"

"యాడ్ వస్తే నొక్కిన."

భీమారావు కసరలేదు. ల్యాప్‌టాప్‌లోంచి డిస్క్ తీసి షాపు కంప్యూటర్‌కు తగిలించాడు.

"ఏది ఎక్కడుందో కంప్యూటర్ గుర్తుపెట్టుకునే చోటమ్మా రిజిస్ట్రీ. దాన్ని ఊడ్చినంత మాత్రాన స్పీడు రాదు. తప్పదనుకుంటే, ఆ క్లీనర్‌ను తయారుచేసినవాళ్ల సైట్ నుంచే దించుకో. ముందు బ్యాకప్ తీసుకో. ఏం తీసేస్తోందో చదువు. తెలియనిదాని జోలికి పోకు."

షాపు కంప్యూటర్ లాగిన్ తెర మీద రెండు పేర్లు కనిపించాయి: భీమారావు, పద్మ.

"పద్మ ఎవరంకుల్?"

"మా ఆవిడ. ఇక్కడ బిల్లులు కొట్టేది."

"ఆంటీ ఇయ్యాల రాలేదా?"

"పోయి మూడేళ్లయింది." అతను తన పేరు మీద నొక్కాడు. "ఆ పేరు తీసెయ్యమని మా ఓనర్ ఆంజనేయులు పోరు పెడతాడు. చోటేం తినట్లేదు కదా, ఉండనీ అంటాను."

నిఖిల తల దించుకుంది. కాసేపటికి ఆమె ఫైళ్లు ఒక్కొక్కటిగా తెర మీదికి వచ్చాయి. అవి చూసి ఆమె ఏడ్చేసింది.

"సిస్టంను పాత స్థితికి తిప్పాలి. టైం పడుతుంది. పొద్దున్నే రా," అంటూ అతను మళ్లీ భుజం పట్టుకున్నాడు.

"హాస్పిటల్ల చూపెట్టుకోండి అంకుల్."

"చలికి పట్టేసిందిలే. నీ పని అవనీ, అప్పుడు వెళ్తాను."

మధ్యాహ్నం పెరుగన్నం సగం తిని మూత పెట్టేశాడు. సాయంత్రానికి ల్యాప్‌టాప్ వెలిగింది. ప్రాజెక్టు తెరుచుకుంటోందో లేదో చివరి పేజీ దాకా చూసుకున్నాడు. ఆంజనేయులుకు ఫోన్ చేసి, పొద్దున ఆ అమ్మాయి వస్తే ఇచ్చెయ్యమన్నాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చివరి స్టాపులో అందరూ దిగాక, నిద్రపోయాడనుకుని డ్రైవరమ్మ వచ్చి అతని చెయ్యి కదిపింది.

మర్నాడు షాపు షట్టరు సగమే ఎత్తి ఉంది. నిఖిల వంగి లోపలికొచ్చింది.

"నిన్న బస్సులోనే పోయాడమ్మా," అన్నాడు ఆంజనేయులు, ల్యాప్‌టాప్ చేతికిస్తూ. "నీది మాత్రం బాగుచేసి వెళ్లాడు."

ఆమె అతని బల్ల వైపు చూసింది. "వాళ్లోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఎవరూ లేరు. ఆస్పత్రికెళ్లి తెచ్చి సాగనంపాల్సింది మనమే."

నిఖిల అక్కడే కూర్చుని ప్రాజెక్టు సబ్మిట్ చేసింది. ల్యాప్‌టాప్ మూసి, "నేను గూడ వస్త," అంది.

ఆంజనేయులు లైట్లు ఆర్పాడు. హీటరు మీద, నిన్న భీమారావు ఆరేసి మరిచిపోయిన ఉన్ని గ్లవుజులు రెండూ గట్టిపడిపోయి, వేళ్లు కొద్దిగా వంగి, దేన్నో పట్టుకోబోతున్నట్టే ఉన్నాయి.