ఏడుసార్లు దిద్దిన వ్యాసం

సౌమ్యకు ఇంగ్లిష్ చదివితే అర్థమయ్యేది, రాయబోతే చెయ్యి ఆగిపోయేది. పెన్‌పహాడ్ బడిలోనూ సూర్యాపేట డిగ్రీ కాలేజీలోనూ మార్కులు తెచ్చిపెట్టిన ఇంగ్లిషంతా గైడ్లు బట్టీపట్టిందే. బ్లాగులకు, వెబ్‌సైట్లకు వ్యాసాలు రాసి ఇంటి దగ్గరే కూర్చుని బతికేవాళ్లు ఉన్నారని విన్నాక ఆమెకు ఆశ పుట్టింది. కోదాడలో దామోదర్ సార్ ఆ రాయడమే నేర్పుతాడని తెలిసి, వారానికి మూడు రోజులు సూర్యాపేటలో బస్సు మారి పోవడం మొదలుపెట్టింది.

దామోదర్ భూములున్న ఇంటి మనిషి, యాభై దాటినవాడు. పాఠం బాగా చెప్పేవాడు. ఆ మాట సౌమ్య తర్వాత కూడా ఎన్నడూ కాదనలేదు. "పెద్ద పెద్ద మాటలు వెతక్కండి. కళ్లారా చూసింది రాయండి. రాశాక పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ తప్పుందని అర్థం" అనేవాడు.

కళ్లారా చూసింది రాయమంటే సౌమ్యకు వాళ్లమ్మ అచ్చమ్మే కనిపించింది. అచ్చమ్మ నాట్లేసే కూలీ. నాట్ల కాలంలో బురదలో నాని నాని ఆమె గోళ్లు నల్లబడిపోయేవి. ఆదివారం చర్చిలో రొట్టె అందుకునేటప్పుడు పాస్టరమ్మకు కనిపించకుండా వేళ్లు లోపలికి ముడుచుకునేది. సౌమ్య అదే రాసింది.

మొదటిసారి కాగితం నిండా ఎర్ర సిరానే. "మళ్లీ రాయి" అన్నాడు దామోదర్. రాసింది. మళ్లీ, మళ్లీ. ఏడోసారి ఆయన చదివి, కళ్లజోడు తీసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇంకా పచ్చిగానే ఉంది. నా దగ్గరుంచు, తీరిగ్గా చూస్తాను" అని సొరుగులో పెట్టుకున్నాడు. తర్వాత సౌమ్య రెండుసార్లు అడిగింది. తొందరేమిటన్నాడు.

మూడు నెలలకు, మిర్యాలగూడలో ఏదో సంఘం వాళ్లు దామోదర్‌కు సన్మానం పెట్టారు. ఆయన వ్యాసమొకటి పేరున్న ఇంగ్లిష్ వెబ్‌సైట్‌లో వచ్చిందట, వేలమంది చదివారట. క్లాసు వాళ్లందరితో పాటు సౌమ్య కూడా పోయింది. ఫంక్షన్ హాల్లో రెండో వరసలో, హుజూర్‌నగర్ నుంచి వచ్చే పూర్ణిమ పక్కన కూర్చుంది. వేదిక మీద ఒకాయన ఆ వ్యాసం చదువుతూ రొట్టె దగ్గరికి, ముడుచుకున్న వేళ్ల దగ్గరికి వచ్చేసరికి సౌమ్య పూర్ణిమ వైపు తిరిగింది. వాక్యాలన్నీ తనవే. ఒక్కటే మారింది. 'మా అమ్మ' అని తను రాసిన ప్రతిచోటా 'మా పొలంలో పనిచేసే ఒకామె' అని ఉంది.

హాలంతా చప్పట్లు. పూర్ణిమ మాత్రం కొట్టలేదు. సౌమ్య కాగితాలు ఆమె చూసిందే.

సభ అయ్యాక మెట్ల దగ్గర సౌమ్య ఆయనకు ఎదురుపడింది. "సార్, అది నేను రాసింది. మా అమ్మ గురించి."

దామోదర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అందులో నీది ఎంతుందో చెప్పు. మొదట తెచ్చిన కాగితం గుర్తుందా? ఒక్క వాక్యమైనా సరిగా ఉందా?"

"దిద్దింది మీరే సార్, కాదంటలేను గానీ ఆ చేతులు మా అమ్మయి."

"నీ పేరుతో పంపితే వాళ్లు తెరిచి కూడా చూసేవాళ్లు కాదమ్మా. నా పేరు ఉంది కాబట్టి ఇంతమంది చదివారు. సంతోషపడాల్సింది పోయి..." శాలువా భుజం మీద సర్దుకున్నాడు. "భోంచేసి వెళ్లు."

"నువ్వన్న చెప్పవే, నువ్వు చూసినవ్ గదా" అంది సౌమ్య, వెనకే వచ్చిన పూర్ణిమతో.

"నాకు సార్ సర్టిఫికెట్ ఇయ్యాలె సౌమ్యా" అంది పూర్ణిమ, చెప్పులు వెతుక్కుంటూ.

తిరుగు బస్సులోనే సౌమ్య ఫోన్లో వెబ్‌సైట్ వాళ్లకు ఇంగ్లిష్‌లో ఉత్తరం రాసింది. పైకి చదవలేదు, మళ్లీ చూసుకోలేదు. రెండోసారి నుంచి రాసిన కాగితాలన్నీ దామోదర్ దగ్గరే ఉండిపోయాయి. ఆమె దగ్గర మిగిలింది ఎర్ర సిరా నిండిన మొదటిదొక్కటే. దాన్ని ఫొటో తీసి జతచేసింది.

రెండు రోజులకు జవాబొచ్చింది. ఎంతో మర్యాదగా, ఒక్క తప్పు లేకుండా ఉంది. ఈ ఉత్తరం రాసినవారే ఆ వ్యాసం రాశారంటే నమ్మడం కష్టమన్నారు. మీరు పంపిన కాగితం చూస్తే మీ గురువు ఎంత శ్రమపడ్డారో తెలుస్తోందన్నారు. అంత మంచి వ్యాసానికి విషయం అందించినందుకు మీరు గర్వపడాలన్నారు.

సౌమ్య మరో ఉత్తరం రాసింది. నాలుగు రోజులు పట్టింది. ప్రతి వాక్యం పైకి చదువుకుంది, నాలుక తడబడిన చోటల్లా మార్చింది. ఎవరూ వేలెత్తి చూపలేనట్టు కుదిరింది. దానికి జవాబు రాలేదు. కోదాడ పోవడం మానేసింది. వెబ్‌సైట్‌లో ఆ వ్యాసం అలాగే ఉంది. కూలీల మీద మీకెంత దయ సార్ అని కింద ఎవరెవరో రాస్తూనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం అచ్చమ్మ పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అడిగింది. "నా మీద ఏందో రాసినవంట గదా, సదువు, నేనింట."

సౌమ్య ఫోన్ తీసి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. 'మా పొలంలో పనిచేసే ఒకామె' అన్న మాట దాటేద్దామనుకుంది గానీ నోరు ఆగలేదు.

"వాళ్ల పొలానికి నేనెన్నడు పోయిన?" అంది అచ్చమ్మ.

"పోలే."

"మరి గట్లెట్ల రాసిండు?"

సౌమ్య ఫోన్ ఆపి పక్కన పెట్టింది.

అచ్చమ్మ చెంబు బోర్లించింది. "నా పేరు గిట్ల పెట్టిండా?"

"లేదమ్మా. ఒకామె అని రాసిండు."

"ఇగ పెట్టమని నువ్వు గూడ అడగకు. నేను దాసుకునే చేతులయి" అని చెప్పి, అన్నం పెట్టుకోవడానికి లోపలికి పోయింది.