నల్ల టేపు కింది గీత

బట్ట నేసే సాంచెలు నడుస్తున్నంత సేపు కైలాసానికి ఏ భయం ఉండకపోయేది. ఇరవై నాలుగు సాంచెల సప్పుడుల మనిషికి తన మాట తనకే ఇనవడదు. కరెంటు పోయి అన్నీ ఒక్కసారే ఆగినప్పుడు మొదలయ్యేది. షెడ్డు గోడ అవతల, గల్లీల, టక్కు టక్కుమని రబ్బరు గిట్టలు సిమెంటు మీద పడుతున్నట్టు ఇనవడేది. తలెత్తితే, మనిషి ఎత్తుకు అందని వెంటిలేటర్ అవతలికెల్లి ఒక తల దాటిపోయేది. ఎర్ర టోపీ, టోపీ కింద నవ్వు. బయటికి ఉరికి చూస్తే ఎవరూ ఉండకపోయేది. పగటి ఎండ, దండెం మీద ఆరేసిన నూలు, నీడకు పండుకున్న కుక్క, అంతే.

"ఎవరో సచ్చినోళ్లు పట్టుకున్నట్టున్నరు. తాయత్తు కట్టిచ్చుకోరాదు" అన్నది భార్య చంద్రవ్వ.

కైలాసం కట్టిచ్చుకోలే. సచ్చినోడైతే తాయత్తుకు పోతడు. ఆ తల జోయల్‌ది. జోయల్ బతికే ఉన్నడు. మందమర్రిల, బొగ్గుబాయి కార్మికుల కాలనీల, నడుము కింద పానం లేక మంచంల ఉన్నడు. బతికున్నోడు వెంటపడితే ఏం కట్టుకోవాలె?

కైలాసం సిరిసిల్లల సాంచెలు బాగుచేసే మేస్త్రి. ఆయన చేతికి లొంగని ఇనుము లేదంటరు. పోయిన ఏడు ఒక బట్టల దుకాణం తెరిచిన దినం జోయల్ ఆయన కాడికి వచ్చిండు. పెండ్లిళ్లల్ల, దుకాణాల ముందు స్ప్రింగు కాళ్ల మీద ఎగరడం జోయల్ పని. మోకాళ్ల కింద కట్టుకునే చట్రం, దాని వెనుక విల్లు లెక్క వంగిన ఫైబర్ పట్టీ, అడుగున రబ్బరు గిట్ట. అవి కట్టుకుంటే మనిషి రెండడుగులు పొడుగైతడు. ఎగిరితే పక్కోళ్ల తలల మీదికి లేస్తడు. ఒక సర్కస్ మూతపడ్డప్పుడు జోయల్ రెండు జతలు తెచ్చుకున్నడు. అప్పటికే అవి పాతయి.

"కాకా, పట్టీని చట్రానికి పట్టి ఉంచే క్లాంపులు పగిలినయి. చేసిన కంపెనీ లేదు. సామాను ఎక్కడ అడిగినా దొరుకుతలేదు" అన్నడు జోయల్. "రెండు జతలకూ నువ్వే ఏదన్న ఉపాయం చెయ్యాలె."

కైలాసం అటిటు తిప్పి చూసి నవ్విండు. "క్లాంపు ఎందుకురా? పట్టీకే రంధ్రం కొట్టి బోల్టు బిగిస్త. సాంచ పగలాలె గాని నా బోల్టు ఊడది."

జోయల్ బయట చాయ్ తాగుతుంటే కైలాసం డ్రిల్లు పెట్టిండు. తెల్లటి పొడి రాలింది. మొదటి పట్టీలనే టిక్కుమని చిన్న సప్పుడయింది. ఊది చూసిండు. రంధ్రం అంచు కాడ వెంట్రుకంత తెల్ల గీత. గోరుతోని గీకిండు, పోలే. ఇనుమైతే గీత పడితే ఏమైతదో ఆయనకు తెలుసు. ఇది ఇనుము కాదు, ఏమైతదో తెల్వది. తెల్వదని చెప్పడానికి నోరు రాలే. నాలుగు పట్టీలకూ రంధ్రాలు కొట్టి, బోల్టులు బిగించి, మీదికెల్లి నల్ల టేపు చుట్టిండు.

"ఏం కాదు కదా కాకా?"

"నాది పూచీ. పో."

ఆర్నెల్లకు కరీంనగర్‌ల ఒక పెండ్లి ఊరేగింపు. జోయల్ పిలిస్తే కైలాసం చూడపోయిండు. జోయల్ ఎర్ర టోపీ పెట్టుకొని మంది తలల మీదికెల్లి చూసి, "మా మేస్త్రి వచ్చిండు!" అని మొత్తుకొని ఎగిరిండు. రెండోసారి దిగినప్పుడు టప్పుమన్నది. అందరూ పటాకి అనుకున్నరు. జోయల్ వెనుకకు పోయి రోడ్డు నడిమి డివైడర్ రాతి మీద నడుము పడంగ పడ్డడు.

మంది మనిషి చుట్టూ మూగిండ్రు. కైలాసం కండ్లు మాత్రం ఎడమ కాలు మీదికి పోయినయి. పట్టీ సరిగ్గ రంధ్రం కాడ ఇరిగింది. ఆ చట్రాలను కాళ్లకెల్లి ఇప్పింది ఆయనే. "నేను జాగ్రత్త చేస్త" అని సంచిల వేసుకున్నదీ ఆయనే. ఎందుకు తీసుకున్నడో ఆ గడియల ఆయనకే తెల్వది. ఆ సంచి గురించి తర్వాత ఎవరూ అడగలే.

ఆ తర్వాత తొమ్మిది నెలల్ల కైలాసం మందమర్రికి ఏడుసార్లు పోయిండు. పోయినప్పుడల్ల జోయల్ తల్లి మగ్దలేనమ్మ కుర్చీ తుడిచి వేసేది. "సొంతోళ్లే రావుడు బంజేసిండ్రు తమ్మీ. నువ్వు గింత దూరం వస్తున్నవ్" అనేది. ఆమె ఇచ్చిన చాయ్ చల్లారేదాక ఆయన చేతిలనే పట్టుకునేటోడు.

జోయల్ మాత్రం ప్రతిసారి అదే మాట. "తప్పు నాదే కాకా. నిన్ను చూసిన సంబురంల ఎడమ కాలు ముందు మోపినట్టున్న. ఒక్క పట్టీ మీద బరువంత పడితే ఇరగదా మరి? పండుకున్నప్పుడల్ల అదే దిగుడు యాదికొస్తది. ఎట్ల మోపిననో ఎంత తన్నుకున్నా తెలుస్తలేదు."

ఏడోసారి పోయినప్పుడు ఇంకో మాట అన్నడు. "రెండో జత బోథ్ ఊర్ల ఉండే మా చిన్నమ్మ బిడ్డ ఆరాధనకు ఇచ్చిన. ఎల్లుండి ఆదివారం వాళ్ల చర్చిల కోత పండుగ. ఊరేగింపుల ఎగురుతదట. నువ్వు ఫోన్ చేసి జర చెప్పు కాకా, రెండు కాళ్లు కలిపి మోపుమని. నా మాట ఇంటలేదు."

కైలాసం గిలాస కింద పెట్టిండు. "ఫోనెందుకు, నేనే పోత" అన్నడు.

శనివారం పొద్దుగాల సిరిసిల్లల బస్సెక్కిండు. నిర్మల్‌ల ఇంకో బస్సు మారిండు. ముందట పత్తి బండ్లు, దారి పొడుగూత చెట్లకు తట్టుకున్న పత్తి. పక్క సీటు ముసలామె మరాఠీల ఏదో అడిగింది. ఆయనకు అర్థం కాలే. బోథ్‌ల దిగి చర్చి ఏదని అడుగుదామనుకునే లోపటనే ఇనవడ్డది. టక్కు, టక్కు, టక్కు.

దిగినకాడనే ఆగిండు. ఇన్ని దినాలు బయటికి ఉరికి చూస్తే ఎవరూ లేకపోయేది. ఇప్పుడు చూస్తే ఉంటరు. అదే ఆయన భయం.

సప్పుడు పట్టుకొని పోతే, చర్చి ముందట గచ్చు మీద ఇరవై రెండేండ్ల పిల్ల ఎగురుతున్నది. జడ ఒకసారి మీదికి, ఒకసారి కిందికి. కైలాసం రెండు చేతులెత్తి ఉరికిండు.

"ఆగు బిడ్డా! ఎగరకు! గోడ పట్టుకో!"

ఆరాధన గోడ పట్టుకొని, దాని మీద కూసున్నది. "ఎవరు మీరు?"

"కైలాసాన్ని. జోయల్‌కు ఇవి బిగించిన మేస్త్రిని."

"ఓ, మా అన్న చెప్పిండు. రెండు కాళ్లు కలిపి మోపుమని చెప్ప వచ్చిండ్రా?"

కైలాసం కింద కూసొని ఆమె ఎడమ కాలి పట్టీకి చుట్టిన నల్ల టేపు గోరుతోని లేపి గుంజిండు. జిగురుతోని కలిసి తెల్లటి పోగులు లేచి వచ్చినయి. రంధ్రం కాడ మొదలైన గీత పట్టీ అడ్డంగ పాకి, ఇంకో అంచుకు వేలెడు దూరంల ఆగింది.

ఆరాధన వంగి చూసింది. మొఖంల నెత్తురు లేదు. గీత మీద వేలు పెట్టి అడిగింది, "మా అన్నయి కూడ గిట్లనే ఉండెనా?"

పాతయి కదా, అరిగినయి అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాక వచ్చింది. ఆమె కండ్లు తన మీదనే ఉన్నయి.

"ఉండె" అన్నడు. "రంధ్రం కొట్టిన దినమే చీలింది. నేను చూసిన. చూసి టేపు చుట్టిన."

ఆమె తిట్టలే. ఫోన్ తీసి నొక్కి, జోయల్ 'హలో' అనంగనే కైలాసం చేతిల పెట్టింది. "మీరే చెప్పుండ్రి."

గీత సంగతి, సంచి సంగతి చెప్పిండు. ఎట్ల చెప్పిండో ఆయనకే యాదిలేదు.

"నేను బయట చాయ్ తాగుతున్నప్పుడా?" అన్నడు జోయల్.

"ఆ బిడ్డా."

"అప్పుడే చూసినవా?"

"చూసిన."

జోయల్ గొంతు సన్నగ వచ్చింది. "మరి ఆ దినం నేను ఎట్ల మోపిన కాకా? నువ్వు ముందటనే ఉంటివి కదా."

"రెండు కాళ్లు కలిపే మోపినవ్. మంచిగనే మోపినవ్."

"అవ్వా!" అని జోయల్ మొత్తుకున్నడు. "నేను మంచిగనే మోపిననట అవ్వా! నాది తప్పు కాదట!" ఏడుస్తున్నడో నవ్వుతున్నడో తెలుస్తలేదు. మగ్దలేనమ్మ ఏందేందని అడుగుడు ఇనవడ్డది. తర్వాత జోయల్ ఫోన్‌లకు మళ్ల వచ్చి, మెల్లగ, ప్రతి మాట ఏరుకున్నట్టు అన్నడు, "కాకా, నువ్విగ మా ఇంటికి రాకు."

ఆరాధన బెల్టులు ఇప్పుకొని కిందికి దిగింది. కైలాసం చెయ్యి చాపిండు. "ఆ పట్టీలు ఇటియ్యి బిడ్డా."

"ఎందుకు? అవి తీస్కపోయినట్టు ఇవి కూడ సంచిల వేసుకపోతరా?"

చాపిన చెయ్యి వెనుకకు తీసుకున్నడు.

ఆమె లోపటికి పోయి పాస్టర్ పేతురయ్య కాడ ఇనుము కోసే రంపం తెచ్చింది. బోల్టులు తనే ఇప్పింది. రెండు పట్టీలనూ గోడకు ఆనిచ్చి, రంధ్రం కాడనే కోసుడు షురూ చేసింది.

"మూతికి చున్నీ కట్టుకో. ఆ పొడి లోపటికి పోతే మంచిది కాదు" అన్నడు కైలాసం.

కట్టుకున్నది. ఆయన దిక్కు చూడలే. కోసుడు అయినంక అడిగింది, "కొత్త పట్టీలు దొరికితే ఎగరొచ్చా?"

"నీ బరువుకు తగ్గయి దొరకాలె. ఒకటి చెడినా రెండూ మార్చాలె. క్లాంపుతోనే బిగించాలె, రంధ్రం కొట్టద్దు. ఎగరే ముందు ప్రతిసారి చేత్తోని తడిమి చూడాలె, టేపు ఉండద్దు. గివేవీ కాకుంటే ఎగరద్దు." మేస్త్రి గొంతుతోనే చెప్పిండు. చెప్పినంక, ఇదంత ఆ దినం జోయల్‌కు చెప్పాల్సిన మాట కదా అనిపించింది.

ఆదివారం ఆరాధన జొన్న కంకులు చేత పట్టుకొని అందరితోని నడిచిందట. ఆ సంగతి పేతురయ్య ఫోన్ చేసి చెప్పిండు. సిరిసిల్లకు పోయినంక కైలాసం చంద్రవ్వకు చెప్పిండు, షెడ్డుల పనిచేసెటోళ్లకు చెప్పిండు. కొందరు మాట్లాడుడు తగ్గించిండ్రు. ఇంకొందరు సాంచ బాగు చేయించుకున్నంక నిలబడి మళ్లొకసారి చూసుకుంటున్నరు. ఆయనే చూసుకొమ్మన్నడు. ఆ తల మాత్రం ఇంకా దాటుతనే ఉన్నది. కైలాసం ఇప్పుడు బయటికి ఉరుకుతలేడు. ఉన్నకాడనే నిలబడి, అది దాటిపోయేదాక చూస్తడు.

క్రిస్మస్ వారం ముందు, మధ్యాహ్నం, మగ్దలేనమ్మ ఫోన్ చేసింది.

"తమ్మీ, నేను చేసినట్టు జోయల్‌కు తెల్వది."

"చెప్పక్కా."

"పోరడు ఇప్పుడు నిద్ర పోతుండు. తొమ్మిది నెలలు కండ్లు మూస్తే ఎగిరి పడేటోడు. ఇప్పుడు పోతుండు. అది నీకు చెప్దామని."

కైలాసం గోడకు ఆనుకున్నడు. సాంచెలు నడుస్తున్నయి. ఆమె మాట సరిగ ఇనవడక ఇంకో చెవి మూసుకున్నడు.

"ఇంకోటి" అన్నది ఆమె. "పొద్దున లేస్తే అందరి కోసం ప్రార్థన చేస్త తమ్మీ. మా వీధి వీధంత పేరు పేరున చేస్త. నీకోసం కూడ చెయ్యాలెనని మోకాళ్ల మీద కూసుంట. నీ పేరు కాడికి వచ్చేసరికి నోరు పడిపోతున్నది. నెల అయింది, వస్తలేదు."

"వద్దక్కా" అన్నడు కైలాసం. "నాకోసం చెయ్యకు."

"అట్ల నువ్వు చెప్పేది కాదు" అన్నది మగ్దలేనమ్మ. "రేపు మళ్ల కూసుంట" అని ఫోన్ పెట్టేసింది.