ప్లిమత్ కారు నల్లపొగ

భీమప్ప తన పాత ప్లిమత్ కారులోంచి పెట్రోలు ఇంజను పీకించి డీజిల్ ఇంజను పెట్టించినప్పటి నుంచి నాగమ్మకు కంటి మీద కునుకు లేదు. ఎలా ఉంటుంది? పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన నల్లరేగడి చేను అమ్మితేనే ఆ ఇంజను వచ్చింది. పెట్రోలు ధర మండిపోతోంది, డీజిలైతే ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు జనాన్ని తోలి నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చని భీమప్ప ఎమ్మిగనూరు బజారంతా చాటాడు.

"సేను పోతే పోనీలే, కారే మన సేను," అనేవాడు. నాగమ్మ చేను సంగతి ఎత్తితే చాలు, ఈల వేసుకుంటూ బయటికి పోయేవాడు. ఆ ఈల వింటే ఆమెకు ఒళ్లు మండేది.

ఇంజను మార్చినంత మాత్రాన బండి రోడ్డెక్కదు. కొత్త ఇంజను నంబరు ఆర్సీ పుస్తకంలో రాయించుకోవాలి. అందుకు ఆదోనిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదుట బండి నల్లపొగ కక్కకుండా నిలబడాలి. తిరునాళ్లు జరిగే శ్రావణం దగ్గర పడింది. ఈసారి తప్పితే తిరునాళ్లు పోయినట్టే, చేను ఊరికే పోయినట్టే.

బయల్దేరే పొద్దున నాగమ్మ బానెట్టు మీద నిమ్మకాయ పెట్టబోతే భీమప్ప తోసేశాడు.

"ఇంజనుకు దేవుడెందుకే? డీజిలుంటే సాలు. నిన్న సూసినావు గదా, పొగేమన్నా వచ్చిందా?"

రాలేదు, నిజమే. అయినా దారిలో కారు గుంతల్లో ఎగిరిపడినప్పుడల్లా ఆమె తాళి పట్టుకుని ఈరన్నను తలుచుకుంటూనే ఉంది.

ఆదోనిలో ఇన్‌స్పెక్టరు కారు వెనక నిలబడి రేసు ఇవ్వమన్నాడు. భీమప్ప కాలు నొక్కాడు. బుస్సుమని నల్లటి పొగ లేచి ఇన్‌స్పెక్టరు తెల్లచొక్కాను ముంచెత్తింది.

"ఇది కారా, ఇటుకల బట్టీనా? ఈ ఇంజను నేను రాయను, తీసుకుపో!"

"సామీ, నిన్న బాగుండె సామీ..." భీమప్ప గొంతు వణికింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ వణుకు నాగమ్మ ఎప్పుడూ వినలేదు. చేనూ పోయె, కారూ పోయె, ఇంక కూలికి పోవాల్సిందే అనుకుంది.

"సరే, బానెట్టు ఎత్తు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎత్తిన భీమప్ప బిగుసుకుపోయాడు. నాగమ్మ తొంగిచూసింది. ఇంజను గాలి పీల్చుకునే గొట్టం మూతికి అడ్డంగా పసుపుగుడ్డ మూట! ముడుపు. గొట్టం మెడకు కట్టింది కుదుపులకు జారి మూతి మూసేసింది. కట్టింది ఆమె కాదు. ఆ వదులు ముడి ఆమెకు తెలుసు. దండెం తాడు కట్టినా, కారు మీద మూటలు కట్టినా, భీమప్ప వేసిన ముడి జారకుండా ఉండదు.

"ఎవరు కట్టారిది? గాలాడకపోతే పొగ కక్కక ఏం చేస్తుంది?"

భీమప్ప తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే సామీ," అంది నాగమ్మ. "ఈయన వద్దనే అనె. తెలీక కట్టినాను."

"నీ భక్తి ఇంట్లో పెట్టుకోవమ్మా. తియ్యి ముందు."

ఆమె తీసింది. గుడ్డ ఓ మూల చిరిగి అరచేతిలో ఇంత నల్లమన్ను రాలింది. ఎక్కడి మన్నో ఒకరు చెప్పనక్కర్లేదు.

మళ్లీ రేసు ఇస్తే పొగ పలచబడి, కాసేపటికి తేటపడింది. ఇన్‌స్పెక్టరు గొణుక్కుంటూ నంబరు రాసుకున్నాడు.

ఊరు దాటాక భీమప్ప కారు పక్కకు ఆపాడు.

"అమ్మిన నాడే తీసిపెట్టుకుంటి. నీ సేను మళ్లా కొనిస్తానని ఈరన్నకు మొక్కినా," అన్నాడు రోడ్డు వైపే చూస్తూ. "యాడ నవ్వుతావోనని సెప్పలేదు."

నాగమ్మకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ భయమంతా తన ఒక్కదానిదే అనుకుంది. పక్కలో మనిషీ నిద్రపోలేదని ఇప్పుడు తెలిసింది. రాలిన మన్ను కూడా ముడుపులో వేసి, కొంగున పెట్టి గట్టిగా ముడేసింది.

"నీకు ముడెయ్యడం ఎప్పుడొచ్చె గనక! పోనీ బండి, ఉరుకుందకు. ఈల ఎయ్యి," అంది.

భీమప్ప వెయ్యబోయాడు. పెదాలు వణికి ఈల రాలేదు.