ఒక్క రోజు పెద్ద

బ్రిటిష్ నౌకాదళంలో కెప్టెన్ అయ్యేదాకానే ప్రతాపాలు. ఆ తర్వాత అంతా వరసే. ముందున్నవాడు చావాలి, లేదా పదవి వదులుకోవాలి; అప్పుడే వెనకవాడు ఓ మెట్టెక్కుతాడు. వైస్ అడ్మిరల్ ఆంబ్రోస్ టాలక్‌కు ముందున్నవాడు పెరిగ్రిన్ హాయల్. వయసులో ఉండగా ఇద్దరూ కలిసే ఒక ఫ్రెంచి ఓడను పట్టుకున్నారు. ఆనాటి పెద్దదొర సాయంత్రం హాయల్‌ను కెప్టెన్ చేసే ఉత్తర్వు మీద సంతకం పెట్టి, చెయ్యి నొప్పెడుతోందని టాలక్‌ది మర్నాటికి వాయిదా వేశాడు. ఆ ఒక్క రాత్రి టాలక్‌ను నలభై ఏళ్లు వెనక నిలబెట్టింది.

మంచి ఓడలు హాయల్‌కి, మిగిలినవి టాలక్‌కి. విందులకు హాయల్ ముందు నడిస్తే, అతని వీపు చూస్తూ టాలక్ వెనక. ఎక్కడ ఎదురుపడినా ముందు టోపీ తీయాల్సింది టాలకే. చచ్చేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, హాయల్ తనకు ముందుగా టోపీ తీయాలి. ముసలాయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఇద్దరూ ప్లిమత్‌లోనే స్థిరపడ్డారు. ఆ చలికాలం హాయల్ గుండెజబ్బుతో మంచం పట్టాడని తెలియగానే టాలక్‌కు ప్రాణం లేచొచ్చింది. మోకాళ్లు పట్టేస్తున్నా రోజూ మాంసం సూపు గిన్నె పట్టుకుని కొండెక్కి హాయల్ ఇంటికి వెళ్లేవాడు. స్నేహమంటే అదీ అని ఊరంతా మెచ్చుకుంది. ఆయన చూసేది మాత్రం హాయల్ పెదాలు నిన్నటికన్నా నీలంగా ఉన్నాయా లేదా అని.

"ఏరా ఆంబ్రోస్, ఉన్నానా పోయానా చూడ్డానికొచ్చావా?" అనేవాడు హాయల్.

"ఛీ, అవేం మాటల్రా! తాగు, చల్లారిపోతుంది."

"తాగితే బతికేస్తానేమో, ఆలోచించుకో!"

అని పకపకా నవ్వేవాడు. మంచాన పడ్డా వాడి నవ్వే తన నవ్వుకన్నా బాగుండటం చూసి టాలక్‌కు కడుపు మండిపోయేది.

వసంతం వచ్చినా హాయల్ పోలేదు. ఓ రోజు టాలక్ భార్య లవీనియా రొప్పుతూ వచ్చింది.

"ఏమండీ, మిమ్మల్ని అడ్మిరల్‌ని చేశారటండీ!"

"పోయాడా?" టాలక్ నోరు జారాడు.

"ఎవరూ, హాయల్ గారా? నిక్షేపంలా ఉన్నారు. మీకోసమని తనంతట తనే పదవి వదిలేసుకున్నారట. వాళ్లావిడ చెప్పి ఒకటే ఏడుపు."

టాలక్ కుర్చీలో కూలబడ్డాడు. "నాకొద్దని రాసేస్తాను."

"రాయండి. ఊరంతా మొహాన ఉమ్మేస్తుంది."

అభినందన విందుకు హాయల్ కర్ర ఊతంతో వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, అందరూ చూస్తుండగా టోపీ తీసి వంగాడు.

"అడ్మిరల్ గారికి దండాలు!" అని, దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నీ మోకాళ్ల అవస్థ చూడలేకపోయాన్రా. ఇక ఆ కొండెక్కకు."

ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. కుర్రలెఫ్టినెంట్లు హాయల్ కోసం కుర్చీలు లాగారు. కొత్త అడ్మిరల్ వంక చూసిన నాథుడు లేడు. పైగా ఆ గదిలో అందరికన్నా పెద్ద ఇప్పుడు టాలకే కాబట్టి, గ్లాసెత్తి హాయల్ ఔదార్యాన్ని పొగడాల్సిన బాధ్యత కూడా ఆయన మీదే పడింది. పొగిడాడు.

తిరుగుదారిలో, బండిలో లవీనియా, "ఎంత గొప్ప మనసండీ ఆయనది!" అంది.

"చస్తాడనుకుంటే చావకుండా, దేవుడై కూర్చున్నాడే!" అన్నాడు టాలక్. "ఇంక నేను వాణ్ణి ఎప్పటికి దాటేది?"